ప్రొఫైల్ చూసి మనల్ని పిలవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లుగా మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునే పని నా నెత్తిన పడింది. లింక్డ్‌ఇన్ లాంటి ఉద్యోగ పరిచయాల సైట్లలో రోజూ ఎవరెవరివో ప్రొఫైళ్లు చూస్తుంటాను కాబట్టి, తెలిసినవాళ్లు తమ లింకు పంపి "ఒకసారి చూసి చెప్పండి" అంటుంటారు. తిప్పి తిప్పి అవే ప్రశ్నలు వస్తుండడంతో జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి మీ పేజీ తెరిచి "ఈ మనిషిని ఏ పనికి పిలవచ్చు?" అని చూస్తాడు. దానికి జవాబు దొరికితే ప్రొఫైల్ పని చేసినట్టే. కింద చెప్పేదంతా దాదాపు ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

రెజ్యూమె ఉంది కదా, అదే ఎక్కించేస్తే సరిపోదా?

సరిపోదు. రెజ్యూమె మీరు పంపితేనే చేరుతుంది. ఎవరికి పంపుతున్నారో, ఏ ఉద్యోగానికో మీకు తెలుసు, దాన్ని బట్టి నాలుగు మాటలు మార్చుకుంటారు. ప్రొఫైల్‌ను మాత్రం మీరు నిద్రపోతున్నప్పుడు కూడా ఎవరో చూస్తారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లే కానక్కర్లేదు. రేపు మీటింగ్‌లో ఎదురుగా కూర్చోబోయే క్లయింట్ కావచ్చు, పదేళ్ల కిందటి సహోద్యోగి కావచ్చు. అందుకే ప్రొఫైల్‌లో భాష కాస్త మనిషి మాట్లాడినట్టు ఉండాలి. రెజ్యూమెలో "నేను" అని రాయం, ఇక్కడ హాయిగా రాసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. తేదీలు, హోదాలు రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. ఒకచోట 2018 అనీ ఇంకోచోట 2019 అనీ ఉంటే, అది ఉత్త పొరపాటే అయినా, చదివేవాళ్లకి అక్కణ్నుంచి ప్రతి లైనూ అనుమానంగానే కనిపిస్తుంది.

ఏ సైట్‌లో పెట్టుకోవాలి? అన్నిట్లోనూ ఉండాలా?

మీ రంగంలోవాళ్లు ఎక్కడ వెతుకుతారో అక్కడ. లింక్డ్‌ఇన్ 2003 మే నుంచి ఉంది, దాదాపు అన్ని రంగాలవాళ్లూ అందులో ఉంటారు కాబట్టి ఎక్కువమందికి అది చాలు. కోడ్ రాసేవాళ్లకి గిట్‌హబ్, డిజైన్ చేసేవాళ్లకి బిహాన్స్, డేటా పనివాళ్లకి కాగుల్ అదనం. పరిశోధన చేసేవాళ్లయితే ఆర్కిడ్ నంబరు తీసుకోండి. 2012లో మొదలైన ఈ ఏర్పాటులో పరిశోధకులు ఒక్కొక్కరికీ 16 స్థానాల గుర్తింపు సంఖ్య ఇస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ పేరే ఉన్న ఇంకో పరిశోధకుడి వ్యాసాలు మీ ఖాతాలోకి, మీవి ఆయన ఖాతాలోకి వెళ్లకుండా ఉంటుంది.

ఐదు చోట్ల ఖాతా తెరిచి నాలుగు చోట్ల మూడేళ్ల నాటి ఉద్యోగమే కనిపించేలా వదిలేయడం కన్నా, ఒక్కచోట శుభ్రంగా ఉంచుకోవడం మేలు. వాడనివి మూసేయండి.

పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌లో ఏం రాయాలి?

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆలోచించాల్సింది దీని గురించే. వెతికినప్పుడు జాబితాలో కనిపించేవి మీ ఫొటో, పేరు, ఈ ఒక్క లైను. మీరు ఎక్కడైనా కామెంట్ పెట్టినా పేరు కింద ఇదే వస్తుంది. అంటే మీ పేజీ ఎన్నడూ తెరవనివాళ్లు కూడా దీన్ని చదువుతారు.

లింక్డ్‌ఇన్‌లో దీనికి 220 అక్షరాల దాకా చోటుంది. మీరేమీ రాయకపోతే మీ హోదా, కంపెనీ పేరు అదే పెట్టేస్తుంది. చిక్కంతా అక్కడే. "సీనియర్ ఎగ్జిక్యూటివ్" అని ఉంటే ఏం అర్థమవుతుంది? అమ్మకాలు చూస్తారా, లెక్కలు చూస్తారా, మనుషుల్ని చూస్తారా? కంపెనీ లోపల ఆ మాటకి అర్థం ఉండొచ్చు, బయటివాడికి లేదు.

ఈ మధ్య ఒకరిది మార్చాం. ముందు "సీనియర్ ఎగ్జిక్యూటివ్, ఫైనాన్స్ విభాగం" అని ఉండేది. అసలు ఏం చేస్తారని అడిగితే, చిన్న తయారీ సంస్థల నెలవారీ ఖాతాలు ముగిస్తానని, ఏ సరుకుకి ఎంత ఖర్చవుతుందో లెక్క తీస్తానని చెప్పారు. కొత్త లైను ఇలా వచ్చింది: "అకౌంటెంట్ | తయారీ సంస్థలకు నెలవారీ ఖాతాలు, ఉత్పత్తి ఖర్చుల లెక్క | ఎక్సెల్, ఎస్ఏపీ." (ఎస్ఏపీ అంటే కంపెనీలు లెక్కలకి వాడే ఒక సాఫ్ట్‌వేర్.) గొప్పగా ఏం లేదు, నిజమే. కానీ "అకౌంటెంట్", "ఎస్ఏపీ" అని వెతికేవాళ్లకి దొరుకుతారు, దొరికాక ఏం చేస్తారో తెలుస్తుంది.

పని పేరు ముందే రావాలి. ఫోన్ తెర మీద లైను మధ్యలోనే తెగిపోతుంది కాబట్టి, "అనునిత్యం నేర్చుకునే ఉత్సాహవంతుడు" అని మొదలుపెడితే అసలు సంగతి తెగిన ముక్కలో పోతుంది. ఇక "గురు", "నింజా", "రాక్‌స్టార్" లాంటివి. ఇవి ఎవరూ వెతికే మాటలు కావు, దయచేసి వదిలేయండి.

"నా గురించి" అనే చోట చేతులు ఆడటం లేదు. ఎలా మొదలుపెట్టాలి?

అందరి పరిస్థితీ ఇదే. మన గురించి మనం రాసుకోమంటే పెన్ను కదలదు, కదిలితే పెద్ద పెద్ద మాటలే వస్తాయి. తెలిసినావిడ ఒకరు నాకు పంపిన మొదటి కాపీ ఇలా ఉంది: "ఫలితాల పట్ల నిబద్ధత, బృంద స్ఫూర్తి, నాయకత్వ లక్షణాలు కలిగిన చురుకైన నిపుణురాలిని. సవాళ్లను అవకాశాలుగా మలుచుకోవడం నా ప్రత్యేకత."

ఇది చదివి ఆవిడ ఏ ఉద్యోగం చేస్తారో చెప్పండి చూద్దాం. నర్సు కావచ్చు, ఇంజినీరు కావచ్చు, ఎవరైనా కావచ్చు. నేను ఫోన్ చేసి, "ఇదంతా పక్కన పెట్టండి, పోయిన సోమవారం ఆఫీసులో ఏం చేశారు?" అని అడిగాను. అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. ఆవిడ ఆసుపత్రి మందుల స్టోరు చూస్తారు. వచ్చిన కొత్తలో గడువు తీరిన మందులు ప్రతి నెలా పారేయాల్సి వచ్చేదట. ఏ వార్డులో ఏది ఎంత వాడుతున్నారో రాయించడం మొదలుపెట్టారు, ముందు గడువు తీరేవి ముందు చేతికి అందేలా అలమరలు సర్దించారు, వార్డుల నుంచి మిగులు వెనక్కి తెప్పించే పద్ధతి పెట్టారు. ఇదంతా చెప్పి, "ఇందులో రాయడానికేముందండీ, రోజూ చేసేదే కదా" అన్నారు!

రోజూ చేసేదే రాయాలి. చివరికి పెట్టింది ఇది: "ఆసుపత్రి మందుల స్టోరు నడుపుతాను. కావలసిన మందు కావలసిన రోజున ఉండాలి, వాడకుండా పారేసేది ఉండకూడదు: నా పని ఇంతే, దీనికే రోజంతా పడుతుంది. వార్డులవారీ వాడకం లెక్క, గడువు తేదీల నిర్వహణ, సరఫరాదారులతో బేరసారాలు నా చేతి మీదుగా జరుగుతాయి. స్టాక్ సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టుకుంటున్న ఆసుపత్రులవాళ్లు మాట్లాడాలనుకుంటే సంతోషం." రెండో వాక్యం ఆవిడ ఫోన్‌లో అన్నదే, నేను కామా కూడా మార్చలేదు.

మీరూ ఇలాగే చేయండి. స్నేహితుడికి ఫోన్ చేసి మీ పని గురించి ఐదు నిమిషాలు చెప్పండి, రికార్డు చేసుకోండి. అందులో వాడిన మాటల్లోంచే రాయండి. లింక్డ్‌ఇన్‌లో ఈ భాగానికి 2,600 అక్షరాల దాకా చోటుంది, అలాగని నింపక్కర్లేదు. మొదటి మూడు నాలుగు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే తెరుచుకుంటుంది. కాబట్టి అసలు విషయం ఆ మూడు లైన్లలో ఉండాలి. చివర్లో ఎందుకోసం మిమ్మల్ని పలకరించవచ్చో ఒక మాట చెప్పండి.

సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉండదా?

విశేషణాలు వాడితే ఉంటుంది. చేసిన పని చెబితే ఉండదు. "నేను అద్భుతమైన నాయకుణ్ని" అంటే డబ్బా. "ఆరుగురున్న టీమ్‌కి షిఫ్టులు వేసేవాణ్ని, కొత్తగా చేరినవాళ్లకి మొదటి రెండు వారాలు నేనే పని నేర్పేవాణ్ని" అంటే సమాచారం. అద్భుతమో కాదో చదివినవాళ్లు తేల్చుకుంటారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పదిమంది కలిసి చేసిన పనిని ఒక్కరే చేసినట్టు రాయడం. ఆ పదిమందీ అదే సైట్‌లో ఉంటారని గుర్తుపెట్టుకోండి. "ఇందులో నా వంతు ఇది" అని రాసినవాళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ.

అంకెలు రాయమంటారు. మా పనిలో అంకెలు లేవు, ఉన్నవి బయట చెప్పకూడదు. ఏం చేయాలి?

అంకె అంటే లాభం, శాతం మాత్రమే అనుకోకండి. ఎంతమంది, ఎన్నిసార్లు, ఎంత వ్యవధిలో అన్నవి కూడా అంకెలే. వారానికి ఎన్ని ఫిర్యాదులు చూస్తారు, ఎన్ని భాషల్లో పని చేస్తారు, నివేదికకి ముందు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడెన్ని. కంపెనీ ఆదాయం, క్లయింట్ల పేర్లు, ఇంకా విడుదల కాని ఉత్పత్తుల సంగతులు మాత్రం రాయొద్దు. చేరినప్పుడు సంతకం పెట్టిన ఒప్పందం ఒకసారి తీసి చదువుకోండి. లెక్క కుదరకపోతే వదిలేయండి. ఎక్కణ్నుంచో తెచ్చి "40 శాతం పెంచాను" అని రాస్తే, ఇంటర్వ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న ఆ 40 ఎలా కొలిచారనే.

ఫొటో తప్పనిసరా?

తప్పనిసరి కాదు కానీ, లేకపోతే నకిలీ ఖాతా ఏమో అనిపిస్తుంది. స్టూడియోకి వెళ్లక్కర్లేదు. పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా నిలబడి, భుజాల పైనుంచి మొహం నిండుగా కనిపించేలా ఎవరిచేతైనా తీయించుకోండి. గ్రూప్ ఫొటో కత్తిరించి పెట్టకండి, పక్కవాళ్ల చెయ్యి మీ భుజం మీద మిగిలిపోతుంది. పదేళ్ల కిందటిది వద్దు. ఏఐతో నునుపు చేసినవి ఈమధ్య ఎక్కువయ్యాయి. వీడియో కాల్‌లో మనిషిని గుర్తుపట్టలేకపోతే ఇద్దరికీ ఇబ్బందే.

వెనక పెట్టే పొడవాటి బ్యానర్ బొమ్మ గురించి టెన్షన్ పడకండి. లింక్డ్‌ఇన్‌లో దాని కొలత 1584 × 396 పిక్సెళ్లు. మీ పనికి సంబంధించిన ఫొటో ఉంటే పెట్టండి, లేకపోతే సాదా రంగు చాలు.

ఇప్పుడే చదువు అయిపోయింది. అనుభవం లేదు, ఏం రాయాలి?

అనుభవం అంటే జీతం వచ్చిన పనే కాదు. చివరి ఏడాది ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, కాలేజీ కార్యక్రమానికి లెక్కలు చూడటం, పార్ట్‌టైమ్‌గా షాపులో బిల్లింగ్, ఇవన్నీ రాయొచ్చు. కానీ "ప్రాజెక్టు చేశాను" అని ఆగిపోకండి. ఏ సమస్య, మీరు చేసింది ఏది, ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు. ఆ ఇరుక్కున్న చోటు రాసిన కుర్రాళ్లు నాకు వెంటనే గుర్తుంటారు. అందరూ "విజయవంతంగా పూర్తి చేశాం" అనే రాస్తారు మరి.

హెడ్‌లైన్‌లో "ఉద్యోగం కోసం వెతుకుతున్నాను" అని మాత్రమే పెట్టకండి. ఏ ఉద్యోగం? "మెకానికల్ ఇంజినీరింగ్ పట్టభద్రురాలిని, క్వాలిటీ తనిఖీ వైపు ఆసక్తి" అంటే కనీసం ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది.

మధ్యలో రెండేళ్లు ఖాళీ వచ్చింది. దాచాలా?

దాచొద్దు, దాగదు కూడా. తేదీలు సాగదీసి కప్పెడితే, పాత కంపెనీకి ఒక్క ఫోన్‌తో బయటపడుతుంది. లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి ఉద్యోగ విరామాన్ని అనుభవం జాబితాలోనే విడిగా చూపించుకునే వీలుంది. "పిల్లల పెంపకం", "కుటుంబంలో ఒకరి ఆరోగ్యం" అని ఒక్క మాట చాలు, సంజాయిషీ అక్కర్లేదు. జబ్బు పేరు, ఇంటి విషయాలు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ కాలంలో ఏదైనా కోర్సు చేసుంటే, చిన్న పని చూసుంటే రాయండి, లేకపోతే లేదు.

స్కిల్స్ ఎన్ని పెట్టాలి? సిఫారసులు ఎలా అడగాలి?

లింక్డ్‌ఇన్‌లో 100 దాకా పెట్టనిస్తారు. 100 పెట్టినవాళ్లని చూశాను, ఏం చేస్తారో చివరిదాకా అర్థం కాలేదు. రేపు పొద్దున దీని మీద ప్రశ్న అడిగితే జవాబు చెప్పగలనా అని ఒక్కోదాన్నీ చూసుకోండి, చెప్పలేనిది తీసేయండి. మీకు కావలసిన ఉద్యోగాల ప్రకటనలు పది చదివి, వాళ్లు ఏ మాట వాడుతున్నారో అదే మాట వాడండి. వెతికేది ఆ మాటతోనే.

స్కిల్ పక్కన ఎవరో ఒక నొక్కు నొక్కి ఇచ్చే మెప్పుకి నేను పెద్దగా విలువివ్వను. మీతో పని చేసినవాళ్లు నాలుగు వాక్యాలు సొంతంగా రాస్తే మాత్రం చదువుతాను. అడగడానికి మొహమాటం ఎందుకు? కాకపోతే "నాకో రికమెండేషన్ రాయండి సార్" అని వదిలేస్తే ఆయనకీ ఏం రాయాలో తోచదు, నెల తర్వాత కూడా రాదు. ఇలా అడగండి: "సార్, బిల్లింగ్ సిస్టమ్ మార్చినప్పుడు మనం కలిసి పని చేశాం కదా. పాత డేటా సరిచూసే పని నేను చూశాను. దాని గురించి మూడు నాలుగు వాక్యాలు రాయగలరా? తీరిక లేకపోతే ఫరవాలేదు." ఏ సందర్భమో గుర్తుచేశారు, తప్పించుకునే దారీ ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు రాస్తే చాలు. ఒకరికొకరు ఒకే రోజున రాసుకున్నవి మాత్రం చూడగానే తెలిసిపోతాయి.

ఉద్యోగంలో ఉంటూ వేరేది వెతుకుతున్నాను. ఆఫీసులో తెలియకుండా ఎలా?

ముందుగా, మార్పులు చేసేటప్పుడు "నా పరిచయస్తులకి తెలియజేయి" అనే సెట్టింగ్ ఆపేయండి. ఇది మర్చిపోయి ఒకసారి నేనే ఇరుక్కున్నాను. ఒక సైట్‌లో నా హోదాలో అక్షర దోషం ఉంటే దిద్దాను, అంతే. సాయంత్రానికి "కొత్త పదవికి అభినందనలు" అంటూ ముప్ఫైమంది మెసేజ్‌లు. మా మేనేజర్ కూడా పెట్టారు, ప్రశ్నార్థకంతో. అక్షర దోషం కథ ఎవరు నమ్ముతారు?

లింక్డ్‌ఇన్‌లో "పనికి సిద్ధం" అని చూపించే ఏర్పాటు రెండు రకాలు. ఒకటి అందరికీ కనిపించే ఆకుపచ్చ చట్రం, రెండోది రిక్రూటర్లకి, అంటే ఉద్యోగాలకి మనుషుల్ని వెతికేవాళ్లకి, మాత్రమే కనిపించేది. రెండోదాంట్లో మీ సొంత కంపెనీ రిక్రూటర్లకి కనిపించకుండా చూస్తారు కానీ పూర్తి గ్యారంటీ లేదని సైటే చెబుతుంది. ఉద్యోగం పోయినవాళ్లు ఆకుపచ్చ చట్రం పెట్టుకోవచ్చా అంటే, నిక్షేపంగా పెట్టుకోండి. అందులో నామోషీ ఏం లేదు.

ఏఐతో రాయించుకోవచ్చా?

రాసినదాన్ని దిద్దించుకోండి, మొదటినుంచీ రాయించుకోకండి. మీ గురించి దానికి తెలియదు కాబట్టి పైన చెప్పిన "నిబద్ధత, బృంద స్ఫూర్తి" మళ్లీ వచ్చి కూర్చుంటాయి. పైగా మీరు చేయనివి కూడా చక్కగా కల్పించి రాస్తుంది. బయటికి చదివి చూసుకోండి. ఎదురుగా ఉన్న మనిషికి ఆ వాక్యం చెప్పడానికి సిగ్గేస్తే, తీసేయండి.

గిట్‌హబ్ ప్రొఫైల్ ఎవరైనా నిజంగా చూస్తారా?

కోడ్ రాసే ఉద్యోగాలకి చూస్తారు, నేను చూస్తాను. మీ యూజర్ పేరుతోనే ఒక పబ్లిక్ రిపాజిటరీ (అందరికీ కనిపించే కోడ్ ఫోల్డర్ లాంటిది) తెరిచి అందులో రీడ్‌మీ ఫైల్ (పరిచయం రాసే ఫైల్) పెడితే, అది మీ ప్రొఫైల్ పేజీ మీద పరిచయంలా కనిపిస్తుంది. 2020 నుంచి ఈ సదుపాయం ఉంది. ముఖ్యమైన ప్రాజెక్టులు 6 దాకా పేజీలో ముందు కనిపించేలా పిన్ చేసుకోవచ్చు. ఆరు ఉండాలని లేదు, ట్యుటోరియల్ చూసి కాపీ చేసినవి ఆరు కన్నా మీరు నిజంగా వాడుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి మేలు. దాని రీడ్‌మీలో అదేం చేస్తుంది, ఎలా నడపాలి, ఇంకా ఏది సరిగా పని చేయట్లేదు అన్నవి ఉంటే చాలు. పాస్‌వర్డ్‌లు, వాటిలాగే రహస్యంగా ఉంచాల్సిన కీలు (వేరే సేవల్ని వాడుకోవడానికి ఇచ్చే కోడ్‌లు) మీ ప్రోగ్రాంలో వదిలేయకండి. తర్వాత తుడిచేసినా పాత మార్పుల చరిత్రలో అలాగే ఉంటాయి, కాబట్టి ఆ కీ మార్చేయడమే దారి.

ఏ వివరాలు పెట్టకూడదు?

పూర్తి పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, గుర్తింపు కార్డుల నంబర్లు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు. ఊరు పేరు చాలు, వీధి అక్కర్లేదు. పని కోసం విడిగా ఒక మెయిల్ పెట్టుకుంటే మంచిది, ఫోన్ నంబరు అడిగినవాళ్లకి ఇవ్వొచ్చు.

పెద్ద సైట్ కదా అని ధీమా వద్దు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి పాస్‌వర్డ్‌లు లీకయ్యాయి. మొదట 65 లక్షలే అనుకున్నారు, 2016లో చూస్తే 10 కోట్లకు పైగా ఖాతాల వివరాలు అమ్మకానికి వచ్చాయి. కాబట్టి మెయిల్‌కి వాడే పాస్‌వర్డ్ ఇక్కడ వాడకండి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ లాంటిది కూడా అడిగేది) పెట్టుకోండి. ఇంకోటి, "మీ ప్రొఫైల్ నచ్చింది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని వచ్చేవన్నీ మోసాలే. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన దగ్గర డబ్బు అడగరు.

ఎన్నాళ్లకోసారి మార్చాలి?

మూడు నెలలకోసారి పది నిమిషాలు చూసుకోండి. ఉద్యోగం మారాక కాదు, పని జరుగుతున్నప్పుడే రెండు ముక్కలు ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఏడాది తర్వాత ఆ అంకెలూ గుర్తుండవు, ఆ కంపెనీ మెయిల్ కూడా తెరుచుకోదు. అన్నట్టు, ఖాతాకి కంపెనీ మెయిల్ ఒక్కటే ఇచ్చి ఉంటే ఇవాళే సొంత మెయిల్ కూడా చేర్చండి. ఉద్యోగం వదిలాక పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతా తెరవడం నరకం.

అన్నీ చేశాను. అయినా ఎవరూ పిలవట్లేదు, ఎందుకని?

ప్రొఫైల్ తలుపు మీద పేరు లాంటిది, దానంతటది వెళ్లి ఎవర్నీ పిలుచుకురాదు. మీ రంగంలోవాళ్లు అడిగే ప్రశ్నలకి తెలిసినంతలో జవాబు చెబుతూ ఉండండి, కొత్తవాళ్లకి రిక్వెస్ట్ పంపేటప్పుడు ఎందుకు పంపుతున్నారో ఒక లైను రాయండి. అయినా కదలిక లేకపోతే బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, లాగిన్ కాకుండా మీ లింకు కొట్టి చూడండి. ఎవరో ఒకరి సలహా విని ఎప్పుడో పబ్లిక్ ప్రొఫైల్ ఆపేసి మర్చిపోయినవాళ్లు నాకు తెలిసి ఇద్దరున్నారు.